మెట్ట మీద దిగిన విమానం

శనివారం వచ్చిందంటే కోనసీమలోని మా వాడపల్లిలో అడుగు పెట్టే చోటుండదు. ఏడు శనివారాల మొక్కున్న వాళ్లు ఎక్కడెక్కడి నుంచో వస్తారు. హైదరాబాదులో పొద్దున్నే విమానమెక్కి, మధురపూడిలో దిగి, ధవళేశ్వరం బ్యారేజీ దాటి, బొబ్బర్లంక, లొల్ల మీదుగా వెంకన్న గుడికి చేరేవాళ్లూ ఉన్నారు.

ఆ విమానం కోనసీమలోనే దిగొచ్చు కదా అని చిన్నప్పుడు అనుకునేవాణ్ణి. మా నేల అందుకు ఒప్పుకోదు. అడుగడుక్కీ కాలువో బోదో, నాలుగడుగులు తవ్వితే నీరు, తలెత్తితే కొబ్బరి మొవ్వులు. విమానానికి గట్టి నేల కావాలి, దిగేటప్పుడూ లేచేటప్పుడూ ఎదురుగా ఏ అడ్డూ ఉండకూడదు. అలాంటి చోటు రాజమండ్రికి ఎగువన, కోరుకొండ వైపు మెట్టలో దొరికింది. మధురపూడి దగ్గర 366 ఎకరాల్లో బ్రిటిష్‌వాళ్లు కట్టిన విమానాశ్రయం అది.

రన్‌వే ఉన్నంత మాత్రాన విమానం రాదు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో గన్నవరంలో సైనిక స్థావరం, తాడేపల్లిగూడెంలో రన్‌వే ఉండేవి. తర్వాత గన్నవరానికి ప్రయాణికుల విమానాలొచ్చాయి. గూడెం రన్‌వేకి ఆ భాగ్యం దక్కలేదు.

అప్పట్లో మధురపూడి రన్‌వే పొడవు 1749 మీటర్లే. పెద్ద జెట్ విమానం నిండా జనంతో లేవాలంటే అది చాలదు. రెక్కల కింద గాలి బరువును మోయాలంటే వేగం కావాలి, వేగం పుంజుకోవాలంటే దూరం కావాలి. అంటే పొట్టి రన్‌వేకి తగ్గ విమానాన్ని ఎవరో ఒకరు తయారుచేయాలి. జర్మనీలో డోర్నియర్ కంపెనీ చేసింది. తక్కువ వేగంలోనే ఎక్కువ బరువును లేపే కొత్తరకం రెక్కతో డోర్నియర్ 228 మొదటిసారి ఎగిరింది 1981లో. అదే ఏడాది మన దేశంలో చిన్న ఊళ్ల కోసం వాయుదూత్ సంస్థ పుట్టింది. ఆ డోర్నియర్ విమానాన్ని కాన్పూర్‌లో హిందుస్తాన్ ఏరోనాటిక్స్ (హెచ్‌ఏఎల్) కూడా తయారుచేసింది. కిలోమీటరు లోపే లేచిపోతుంది. ఆ విమానంతోనే వాయుదూత్ రాజమండ్రికీ వచ్చింది.

అయితే దాన్లో ఉన్నవి 19 సీట్లే. పైలట్ల జీతాలు, ఇంధనం, మరమ్మతులు అన్నీ ఆ 19 టిక్కెట్ల మీదే పడాలి. 1993లో వాయుదూత్ ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది. మధురపూడిలో మళ్లీ చాలా ఏళ్లు నిశ్శబ్దం.

ఆ నిశ్శబ్దాన్ని పోగొట్టింది ఏటీఆర్ విమానం. డెబ్బై మంది దాకా పడతారు, ఇంజిన్లు తిప్పేది ప్రొపెల్లర్లను కాబట్టి దగ్గరి ఊళ్లకు జెట్ కన్నా తక్కువ ఇంధనంతో వెళుతుంది, ఆ 1749 మీటర్లతోనే సరిపెట్టుకుంటుంది. 2012లో కొత్త టెర్మినల్ వచ్చింది. తర్వాత రన్‌వేని 3165 మీటర్లకు పెంచారు. 2024 డిసెంబరులో ముంబైకి, ఢిల్లీకి జెట్ విమానాలు మొదలయ్యాయి.

నాకు మాత్రం ఈ కథంతా గల్ఫ్ ప్రయాణాలతోనే ముడిపడుతుంది. కువైట్‌కో మస్కట్‌కో పోయే మా వైపు ఆడవాళ్లు పెట్టెలకు తాళ్లు కట్టుకుని, పిల్లల్ని అమ్మమ్మల చేతుల్లో పెట్టి, రాత్రంతా బస్సులో కూర్చుని హైదరాబాదు చేరేవారు. తిరిగొచ్చేటప్పుడూ అదే బస్సు, ఇంటికి ఇంకో రాత్రి దూరం. ఇప్పుడు హైదరాబాదులో విమానం మారి మధురపూడిలో దిగిన తల్లి, పిల్లలు బడి నుంచి వచ్చేసరికి ఇంటి అరుగు మీద కూర్చుని ఉండగలదు.