పాఠశాల బాలలలో శరీర బరువు - దంతక్షయం

పాఠశాల వయస్సు బాలబాలికలలో శరీర బరువుకు, దంతక్షయానికి (పిప్పిపన్ను లేదా పుచ్చుపన్ను) గల సంబంధం దంతవైద్యము, పోషకాహార శాస్త్రము, ప్రజారోగ్యము అను మూడు రంగాలలోను చర్చకు వచ్చే విషయం. లావుగా ఉన్న పిల్లలు తీపి ఎక్కువగా తింటారు కనుక వారి పళ్ళే ఎక్కువగా పుచ్చుతాయని సామాన్యంగా అనుకొంటారు. పరిశోధనలలో తేలినది ఇంత సులువుగా లేదు. కొన్ని దేశాలలో బరువు ఎక్కువైన పిల్లలలో పిప్పిపళ్ళు అధికంగా కనబడగా, మరికొన్ని చోట్ల బక్కపలచని పిల్లలలోనే అధికంగా కనబడినవి. అసలు ఏ సంబంధమూ కనబడని అధ్యయనాలు కూడా చాలా ఉన్నవి.

దంతక్షయం ఏర్పడే విధానం

పళ్ళపై పేరుకొనే పాచిలో స్ట్రెప్టోకాకస్ మ్యూటన్స్, లాక్టోబాసిల్లస్ మొదలైన సూక్ష్మజీవులు నివసిస్తాయి. ఇవి ఆహారంలోని చక్కెరను పులియబెట్టి ఆమ్లాన్ని తయారుచేస్తాయి. పంటి ఉపరితలం వద్ద పి.హెచ్. విలువ సుమారు 5.5 కంటె తగ్గినపుడు పింగాణీ పొర (ఎనామెల్) లోని కాల్షియం, ఫాస్ఫేటు లవణాలు కరగడం మొదలవుతుంది. కొంతసేపటికి లాలాజలం ఆ ఆమ్లాన్ని విరిచి, పోయిన లవణాలను కొంతవరకు తిరిగి చేరుస్తుంది. కరగడం, తిరిగి చేరడం అను ఈ రెండింటి మధ్య తూకం తప్పినప్పుడు పన్ను పుచ్చుతుంది.

ఇక్కడ ఒక ముఖ్యమైన విషయం గమనించాలి. పంటికి సంబంధించినంతవరకు చక్కెర ఎంత తిన్నారన్నదే కాక, ఎన్నిసార్లు తిన్నారు, అది నోటిలో ఎంతసేపు నిలిచింది అన్నవి కూడా లెక్కకు వస్తాయి. 1940-50 దశకాలలో స్వీడన్ లోని వీపెహోల్మ్ వైద్యశాలలో జరిపిన అధ్యయనంలో, భోజనంతోపాటు తిన్న చక్కెర కంటె భోజనాల నడుమ తిన్న జిగట మిఠాయిలు పళ్ళకు ఎక్కువ చేటు చేస్తాయని తేలింది. మానసిక వైకల్యం గల రోగులపై, వారి అంగీకారం లేకుండా జరిపినందువలన ఈ అధ్యయనం తరువాత తీవ్ర విమర్శకు గురైంది. శరీర బరువు విషయంలో మాత్రం రోజు మొత్తంమీద తిన్న కెలోరీలు, ఖర్చయిన కెలోరీలే ప్రధానం. నేయి, వేపుళ్ళతో కడుపునిండా మూడు పూటలు తినే పిల్లవాడు పన్ను పుచ్చకుండానే లావెక్కవచ్చు. సరిగా అన్నం తినక, మధ్యాహ్నమంతా నోటిలో ఒక చాక్లెట్టో జీడియో చప్పరించే పిల్లవానికి బరువు పెరగకుండానే పళ్ళు పుచ్చవచ్చు. ఒకే చక్కెరను శరీరము, పన్ను వేరువేరు పద్ధతులలో లెక్కపెడుతున్నవన్నమాట. పరిశోధనల ఫలితాలు ఒకదానితో ఒకటి పొసగకపోవడానికి ఇది ఒక కారణం.

కొలమానాలు

బరువును కొలవడానికి సాధారణంగా శరీర ద్రవ్యరాశి సూచిక (బి.ఎమ్.ఐ.) వాడతారు. కిలోలలో బరువును, మీటర్లలో ఎత్తు యొక్క వర్గంతో భాగిస్తే ఈ సూచిక వస్తుంది. బెల్జియం దేశస్థుడైన అడాల్ఫ్ కెట్లే 19వ శతాబ్దంలో ప్రతిపాదించిన ఈ లెక్కకు ప్రస్తుత పేరు 1972లో ఆన్సెల్ కీస్ బృందం పెట్టినది. పెద్దలకు వాడే హద్దులు పిల్లలకు పనికిరావు. ఉదాహరణకు 1.4 మీటర్ల ఎత్తు, 32 కిలోల బరువు గల పదేళ్ళ బాలుని సూచిక 16.3. పెద్దలలో ఇది బాగా తక్కువ బరువు క్రింద లెక్క. పదేళ్ళ బాలునికి సరిగ్గా సగటు. అందువలన ప్రపంచ ఆరోగ్య సంస్థ 5 నుండి 19 ఏళ్ళ వారికి వయస్సు, లింగం ప్రకారం వేరుగా 2007లో ప్రమాణాలు ప్రకటించింది.

దంతక్షయాన్ని కొలవడానికి డి.ఎమ్.ఎఫ్.టి. సూచిక వాడతారు. పుచ్చిన, పుచ్చి ఊడిన, పుచ్చగా సిమెంటు నింపిన పళ్ళ మొత్తం సంఖ్యే ఈ సూచిక. హెన్రీ క్లైన్, కారోల్ పామర్ లు అమెరికాలో మేరీలాండ్ రాష్ట్రపు హేగర్స్‌టౌన్ పాఠశాల పిల్లలపై జరిపిన అధ్యయనం ద్వారా 1938లో ఇది ప్రచారంలోకి వచ్చింది. దీనిలో ఒక లోపం ఉన్నది. చక్కగా బాగుచేయించుకొన్న పన్ను, చీము పట్టి నొప్పి పెడుతున్న పన్ను రెండూ ఇందులో ఒకటే అంకె. బరువు విషయంలో ఈ రెండింటికీ ఎంత తేడా ఉన్నదో క్రింద చూడవచ్చు. ఈ లోటు తీర్చుటకు 2010లో పి.యు.ఎఫ్.ఎ. అను మరొక సూచికను ప్రతిపాదించారు. పంటి లోపలి గుజ్జు బయటపడడం, పంటి అంచు గుచ్చుకొని పుండు పడడం, చీము కారే రంధ్రం, చీముగడ్డ అను నాలుగింటిని ఇది లెక్కిస్తుంది.

పరిశోధనల ఫలితాలు

2004-2011 మధ్య ప్రచురితమైన అధ్యయనాలను పరిశీలించి 2012లో ఆస్ట్రేలియా పరిశోధకులు వెలువరించిన సమీక్షలో, దాదాపు సగం అధ్యయనాలలో బరువుకు, దంతక్షయానికి సంబంధం కనబడలేదు. సుమారు మూడో వంతు అధ్యయనాలలో బరువు పెరిగినకొద్దీ పిప్పిపళ్ళు పెరిగినవి. మిగిలిన వాటిలో బరువు తగ్గినకొద్దీ పెరిగినవి. బహుశా రెండు కొసల వద్ద, అనగా బాగా సన్నగా ఉన్నవారిలోను బాగా లావైనవారిలోను, దంతక్షయం అధికమని, గ్రాఫు గీస్తే అది గిన్నె ఆకారంలో వస్తుందని ఆ సమీక్షకులు సూచించారు. ఎక్కువ అధ్యయనాలు ఒక్కసారి తూచి, ఒక్కసారి నోరు పరీక్షించి చేసినవే. అటువంటి వాటినుండి ఏది కారణమో, ఏది ఫలితమో చెప్పుట సాధ్యం కాదు.

బరువు ఎక్కువైన పిల్లలలో దంతక్షయం అధికంగా కనబడడానికి తీపి పానీయాలను ప్రధాన కారణంగా చెబుతారు. 300 మి.లీ. శీతల పానీయంలో సుమారు 30 గ్రాముల చక్కెర ఉంటుంది. దానిని కొద్దికొద్దిగా గంటసేపు తాగితే పంటికి, మొత్తంగా శరీరానికి రెండింటికీ నష్టమే. బ్రిటన్ ప్రభుత్వం 2018 ఏప్రిల్ నుండి తీపి పానీయాలపై సుంకం విధించింది. తరువాత ఇంగ్లండులో పళ్ళు తీయించుకొనుటకు ఆసుపత్రులలో చేరే పిల్లల సంఖ్య సుమారు 12 శాతం తగ్గినట్లు, 10-11 ఏళ్ళ బాలికలలో స్థూలకాయం సుమారు 8 శాతం తగ్గినట్లు 2023లో వెలువడిన విశ్లేషణలు అంచనా కట్టినవి. ఒకే చర్య వలన రెండూ తగ్గినవన్న ఈ అంచనా గమనింపదగినది. స్థూలకాయం గల పిల్లలకు శాశ్వత దంతాలు కొంత ముందుగా మొలుస్తాయని కూడా గుర్తించారు. ముందు మొలిచిన పన్ను ఎక్కువ కాలం ఆమ్లానికి గురవుతుంది. కనుక అదే వయస్సుగల ఇతర పిల్లలతో పోల్చినపుడు ఆహారం ఒకటే అయినా తేడా కనబడవచ్చు.

బరువు తక్కువైన పిల్లలు

పేద దేశాలకు సంబంధించినంతవరకు అసలు సమస్య ఇక్కడ ఉన్నది. ఇక్కడ కారణకార్య సంబంధం రెండు దిశలలోను నడుస్తుంది. పసితనంలో పోషకాహార లోపం ఉంటే పింగాణీ పొర సరిగా ఏర్పడక గరుకుగా, బలహీనంగా ఉంటుంది. అటువంటి పన్ను త్వరగా పుచ్చుతుంది. మరొకవైపు, పుచ్చిన పన్నే పిల్లవానిని తిననివ్వదు. నమిలితే నొప్పి కనుక గట్టి పదార్థాలు వదిలేస్తాడు, ఒక పక్కనే నములుతాడు, కంచంలో సగం మిగులుస్తాడు. రాత్రి నొప్పితో నిద్ర చెడితే పెరుగుదలకు అవసరమైన హార్మోనుల స్రావం దెబ్బతింటుందని, ఎంతకాలమూ మానని చీము వలన రక్తహీనత కలుగవచ్చునని లండన్ ప్రొఫెసరు ఆబ్రీ షీహమ్ 2006లో వివరించాడు.

అమెరికాలో 1992లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో, తీవ్రమైన దంతక్షయం గల చిన్నపిల్లలలో 8.7 శాతం మంది ఉండవలసిన బరువులో 80 శాతం కూడా లేరు. పళ్ళు బాగున్న పిల్లలలో ఇట్టివారు 1.7 శాతమే. అదే బృందం 1999లో, పళ్ళకు చికిత్స చేసిన తరువాత అటువంటి పిల్లలు బరువు పుంజుకొన్నట్లు తెలిపింది.

బడిపిల్లల విషయంలో ఫిలిప్పీన్స్ దేశపు అనుభవం ప్రత్యేకమైనది. 2006లో అక్కడ జరిగిన జాతీయ సర్వేలో ఆరేళ్ళ పిల్లలలో 97 శాతం, పన్నెండేళ్ళ వారిలో 82 శాతం మందికి పిప్పిపళ్ళు ఉన్నవి. దాదాపు ఏ పంటికీ చికిత్స జరుగలేదు. పన్నెండేళ్ళ పిల్లలలో సగానికి పైగా నోటిలో ఇన్ఫెక్షను పంటి గుజ్జు వరకు చేరింది. వారిలో నాలుగో వంతుకు పైగా ఉండవలసినదానికంటె తక్కువ బరువున్నారు. ఈ ఇన్ఫెక్షను గల పిల్లలే బరువు తక్కువగా ఉండే అవకాశం ఎక్కువని 2011లో విశ్లేషణ వెలువడింది. 2012లో ప్రచురితమైన ప్రయోగంలో, బరువు తక్కువైన పిల్లలకు అటువంటి పాలపళ్ళను తీసివేయగా కొద్ది నెలలలో బరువు పెరిగింది. ఎత్తు విషయంలో అట్టి లాభం కనబడలేదు. అదే సంవత్సరం వెలువడిన సౌదీ అరేబియా ప్రయోగంలో ఆరు నెలల తరువాత కూడా బరువులో చెప్పుకోదగిన తేడా రాలేదు, కాని పిల్లలకు ఆకలి బాగుపడింది. కనుక పన్ను బాగుచేస్తే బరువు తప్పక పెరుగుతుందని చెప్పుటకు ఈ ఆధారాలు చాలవు. నొప్పి తగ్గి అన్నం సయించడం మాత్రం దానికదే చిన్న లాభం కాదు.

భారతదేశంలో

2002-03లో జరిగిన జాతీయ దంతారోగ్య సర్వే ప్రకారం 12 ఏళ్ళ పిల్లలలో 53.8 శాతం, 15 ఏళ్ళ వారిలో 63.1 శాతం మందికి దంతక్షయం ఉన్నది. 2016-18 నాటి సమగ్ర జాతీయ పోషణ సర్వేలో 10-19 ఏళ్ళవారిలో 24 శాతం మంది సన్నగాను, 5 శాతం మంది అధిక బరువుతోను ఉన్నట్లు తేలింది. అంటే గిన్నె ఆకారపు గ్రాఫులోని రెండు కొసలూ మన బడులలో ఉన్నవి; సన్నని పిల్లల వైపు కొస చాలా బరువైనది. ప్రయివేటు పాఠశాలలో మాత్రమే చేసిన అధ్యయనం ఒక ఫలితాన్ని, ప్రభుత్వ పాఠశాలలో చేసినది వేరొక ఫలితాన్ని ఇవ్వడంలో ఆశ్చర్యం లేదు.

త్రాగునీటిలోని ఫ్లోరైడు ఈ లెక్కను మరింత చిక్కు చేస్తుంది. తగు మోతాదులో ఫ్లోరైడు దంతక్షయాన్ని తగ్గిస్తుంది. నల్గొండ జిల్లాలో వలె మోతాదు మించినపుడు పళ్ళపై గోధుమరంగు మచ్చలు, గుంటలు ఏర్పడతాయి. వీటిని పిప్పిపళ్ళుగా పొరబడే అవకాశం ఉన్నది. ఫ్లోరైడు బాధిత గ్రామాన్ని, బాధ లేని గ్రామాన్ని కలిపి లెక్కిస్తే బరువు ప్రభావం ఎంతో చెప్పడం కష్టం.

ఆంధ్రప్రదేశ్‌లో 2020లో మధ్యాహ్న భోజనంలో వేరుశనగ చిక్కీ చేర్చారు. సన్నని పిల్లలకు మాంసకృత్తులు, శక్తి ఇచ్చే మంచి పదార్థమే అయినా ఇది పంటికి అంటుకొనే జిగట తీపి. బెల్లం పంచదార కంటె పళ్ళకు మంచిదన్న నమ్మకం ఉన్నది గాని, బెల్లంలో అధికభాగం సుక్రోజే. చిక్కీ మానిపించనక్కరలేదు, భోజనం వెంటనే తినిపించి, నీళ్ళతో నోరు పుక్కిలింపజేస్తే చాలవరకు సరిపోతుంది.

నివారణ

ఫ్లోరైడు గల పేస్టుతో రోజుకు రెండుసార్లు, ముఖ్యంగా రాత్రి పడుకొనే ముందు, పళ్ళు తోముకొనవలెను. భోజనాల నడుమ తీపిని తగ్గించవలెను. చేర్చిన చక్కెర, తేనె, పళ్ళరసాల చక్కెర కలిపి రోజు మొత్తం శక్తిలో 10 శాతం మించరాదని, 5 శాతం లోపు ఉంటే మరింత మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో సూచించింది. పాలపళ్ళు ఎలాగూ ఊడిపోయేవే కదా అని పెద్దలు ఉపేక్షించడం సాధారణం. అయితే పాల దవడపళ్ళు 10-12 ఏళ్ళ వరకు ఉండి, పిల్లలు పెరిగే కాలమంతా నమిలేది వాటితోనే. వాటి వెనుక ఆరవ ఏట మొలిచే మొదటి శాశ్వత దవడపన్నును పాలపన్నుగా భావించి వదిలివేయడం కూడా తరచు జరుగుతుంది.

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో పరీక్షించే లోపాలు, వ్యాధులలో తీవ్ర పోషకాహార లోపము, దంత సమస్యలు రెండూ ఉన్నవి. బడికి వచ్చిన వైద్య బృందం బరువు తగ్గిన పిల్లవాని నోటిని కూడా అదే పూట చూడగల వీలు ఈ పథకంలో కలదు.