పదో మనిషి లేని దుకాణం

మధ్య అండమాన్‌లోని రంగత్ చుట్టుపక్కల ఊళ్ల పేర్లు వింటే తెలుగువారికి రామాయణం గుర్తుకు వస్తుంది. దశరథ్‌పూర్, జనక్‌పూర్, పర్ణశాల, పంచవటి, శబరి. ఈ పేర్లు అడవి కొట్టి ఊళ్లు కట్టిన కాలం నాటివి. 1950లలో తూర్పు బెంగాల్ శరణార్థులను ప్రభుత్వం ఈ దీవులకు తరలించింది. ఒక్కో కుటుంబానికి సుమారు ఐదెకరాల వరి పొలం, మరో ఐదెకరాల మెట్ట భూమి ఇచ్చింది. ఆ భూమి ఆ తరం వృద్ధాప్యానికి కొంతైనా ఆధారమైంది.

తెలుగువారిలో అధికులు ఆ పథకం కింద వచ్చినవారు కారు. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి ఓడ ఎక్కి కూలికీ, చేపల వేటకీ, చిన్న వ్యాపారాలకీ తమంతట తాము వచ్చినవారు. 2011 జనగణన ప్రకారం దీవుల జనాభాలో తెలుగు మాతృభాషగా గలవారు దాదాపు 13 శాతం. వీరిలో భూమి పట్టా లేని కుటుంబానికి వృద్ధాప్యంలో మిగిలేది రెక్కల కష్టం నుంచి వెనకేసుకున్నదే. అందుకే ఈ బజారులో ఒక కొట్టులో ముప్పై ఏళ్లు పనిచేసి దిగిపోయే మనిషి చేతికి ఏం వస్తుందన్న ప్రశ్న చిన్నది కాదు. దానికి సమాధానం వెతకాలంటే యాభై ఏళ్లకు పైబడిన చట్టం చరిత్రలోకి వెళ్లాలి.

‘గ్రాట్యుటీ’ అన్న మాటకు మూలార్థం దయతో ఇచ్చే కానుక. చిన్న వ్యాపారాల్లో ఈనాటికీ దాని రూపం అదే. పండుగకు కొత్త బట్టలు, పిల్ల పెళ్లికి కొంత సాయం, చివరి రోజున ఒక శాలువా, కవరులో ఎంతో కొంత నగదు. షావుకారు మంచివాడైతే కవరు బరువుగా ఉంటుంది. కాకపోతే శాలువాతో సరి. అడిగే హక్కు గుమస్తాకు లేదు, ఇవ్వాల్సిన బాధ్యత యజమానికి లేదు.

ఈ కానుకను హక్కుగా మార్చిన ఘనత మొదట పారిశ్రామిక ట్రైబ్యునళ్లది, తరువాత సుప్రీంకోర్టుది. చట్టం లేని రోజుల్లో యూనియన్లు వివాదం లేవదీసి, ట్రైబ్యునల్ అవార్డు ద్వారా గ్రాట్యుటీ పథకాలు సాధించుకునేవి. 1961లో గార్మెంట్ క్లీనింగ్ వర్క్స్ కేసులో సుప్రీంకోర్టు ఒక మౌలిక సూత్రం చెప్పింది. గ్రాట్యుటీ యజమాని పెట్టే భిక్ష కాదనీ, దీర్ఘకాలం చేసిన సేవకు కార్మికుడు సంపాదించుకున్న ప్రతిఫలమనీ దాని సారాంశం. కాని ఈ దారి యూనియన్ ఉన్న చోటే పనికివచ్చేది. ఇద్దరు ముగ్గురు పనిచేసే కొట్టు నుంచి ట్రైబ్యునల్ దాకా వెళ్లేదెవరు?

అందుకే రాష్ట్రాలు చట్టాల వైపు కదిలాయి. ఆంధ్రప్రదేశ్ 1966లో చేసిన దుకాణాలు, సంస్థల చట్టంలోనే దీర్ఘకాల సేవకు ఏడాదికి 15 రోజుల సగటు వేతనం చొప్పున గ్రాట్యుటీ చెల్లించాలన్న నియమం ఉంది. దాని స్థానంలో వచ్చిన 1988 చట్టంలోని 47వ సెక్షన్ దీన్నే ‘సర్వీస్ కాంపెన్సేషన్’ పేరుతో కొనసాగించింది. ఏడాది సర్వీసు నిండినవారిని తొలగిస్తే ఇది ఇవ్వాలి. అరవై ఏళ్లు నిండి విరమించేవారికీ ఇవ్వాలి. ఆచరణలో ఇది ఎంతమందికి అందిందన్నది వేరే చర్చ. చట్టం దృష్టిలో మాత్రం చిన్న కొట్టు గుమస్తా కూడా మనిషే. ఆ సెక్షన్ దుకాణంలోని తలలు లెక్కపెట్టి హక్కును నిర్ణయించలేదు.

1970లో కేరళ పారిశ్రామిక ఉద్యోగులకు గ్రాట్యుటీ చట్టం చేసింది. 1971లో పశ్చిమ బెంగాల్ అదే బాట పట్టింది. రాష్ట్రానికో తీరు చట్టం వస్తే అనేక రాష్ట్రాల్లో శాఖలున్న సంస్థలకు చిక్కులొస్తాయన్న వాదన బలపడింది. కార్మిక మంత్రుల సమావేశంలోనూ, భారత కార్మిక సదస్సులోనూ చర్చ జరిగాక కేంద్రం బిల్లు తెచ్చింది. అప్పటి కేంద్ర మంత్రి ఆర్.కె. ఖాదిల్కర్ చేతిలో కార్మిక శాఖతోపాటు పునరావాస శాఖ కూడా ఉంది. శరణార్థులకు నిలువ నీడ చూపే శాఖ, శ్రామికుడి వృద్ధాప్యానికి భరోసా వెతికే శాఖ ఒకే మంత్రి కింద ఉన్నాయన్నమాట.

ఆ బిల్లుకు 1972 ఆగస్టు 21న ఆమోదముద్ర పడినప్పుడు రాష్ట్రపతి పీఠంపై ఉన్నది వి.వి. గిరి. బరంపురంలో పుట్టిన ఈ తెలుగువాడు రైల్వే కార్మిక ఉద్యమం నుంచి ఎదిగినవాడు. బ్యాంకు ఉద్యోగుల అవార్డు విషయంలో ప్రభుత్వంతో విభేదించి 1954లో కార్మిక మంత్రి పదవిని వదులుకున్నవాడు. 1972 సెప్టెంబరు 16 నుంచి చట్టం అమల్లోకి వచ్చింది.

చట్టం లెక్క సరళమైనది. ఐదేళ్ల నిరంతర సర్వీసు ఉండాలి. నిండిన ప్రతి ఏడాదికి 15 రోజుల వేతనం చెల్లించాలి. నెల జీతాన్ని 26తో భాగిస్తే రోజు వేతనం వస్తుందని 1980లో దిగ్విజయ్ ఊలెన్ మిల్స్ కేసులో సుప్రీంకోర్టు సమ్మతించింది. రంగత్ బజారులో నెలకు 15,600 రూపాయల జీతంతో ముప్పై ఏళ్లు పూర్తిచేసిన గుమస్తాను ఊహించుకుందాం. రోజు వేతనం 600. పదిహేను రోజులకు 9,000. ముప్పై ఏళ్లకు 2,70,000 రూపాయలు. ఇల్లు బాగుచేయించుకోవడానికో, విశాఖ వెళ్లి వైద్యం చేయించుకోవడానికో పనికివచ్చే సొమ్ము.

కాని చట్టం ప్రవేశద్వారం దగ్గరే ఒక గడప ఉంది. దుకాణమైనా, సంస్థ అయినా గడచిన పన్నెండు నెలల్లో ఏ ఒక్క రోజైనా కనీసం పదిమంది పనిచేసి ఉండాలి. పదిమంది ఉంటే 2,70,000. తొమ్మిదిమంది ఉంటే సున్నా. తొమ్మిదో మనిషి చేసిన సేవ పదో మనిషి సేవ కంటే తక్కువని ఎవరూ వాదించలేదు. చిన్న యజమాని భరించలేడన్నదీ, తనిఖీ చేయడం కష్టమన్నదీ ఇలాంటి గడపలకు ఎప్పుడూ చెప్పే కారణాలు. అంటే సేవను కొలవాల్సిన చోట చట్టం యజమాని స్తోమతనూ, అధికారి సౌలభ్యాన్నీ కొలిచింది.

తరువాతి చరిత్ర చూస్తే ఈ చట్టం ఎటు పెరిగిందో, ఎటు పెరగలేదో స్పష్టమవుతుంది. మొదట్లో నెలకు వెయ్యి రూపాయల లోపు వేతనం ఉన్నవారికే ఇది వర్తించేది. ఆ పరిమితి క్రమంగా పెరిగి 1994లో పూర్తిగా తొలగిపోయింది. గరిష్ఠ మొత్తం 2010లో 10 లక్షలకు, 2018లో 20 లక్షలకు పెరిగింది. ప్రైవేటు ఉపాధ్యాయులు ఈ చట్టం కిందికి రారని 2004లో సుప్రీంకోర్టు అంటే, పార్లమెంటు 2009లో సవరణ చేసి 1997 నుంచే వర్తించేలా వారిని చేర్చింది. 2022లో అంగన్‌వాడీ కార్యకర్తలకూ, ఆయాలకూ గ్రాట్యుటీ హక్కు ఉందని సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. సంఘటిత గొంతు ఉన్నవారందరికీ తలుపు ఎప్పుడో ఒకప్పుడు తెరుచుకుంది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్ నిర్ణీత కాల ఒప్పందంపై పనిచేసేవారికి ఏడాది సర్వీసుకే గ్రాట్యుటీ ఇచ్చింది. దుకాణాలకు పదిమంది గడప మాత్రం అలాగే ఉంది. యాభై మూడేళ్లలో పైకప్పు పదేపదే లేచింది కాని గడప అంగుళమైనా దిగలేదు.

దీవుల్లోనే దీనికి ఎదురుబొదురుగా నిలిచే దృశ్యం ఉంది. 2023 ఆగస్టులో ప్రభుత్వ దినసరి కార్మికుల వేతనాల ఉత్తర్వులు అమలు చేయలేదని కలకత్తా హైకోర్టు పోర్ట్ బ్లెయిర్ బెంచ్ ఏకంగా ప్రధాన కార్యదర్శిని సస్పెండ్ చేసి, లెఫ్టినెంట్ గవర్నరుకు ఐదు లక్షల జరిమానా విధించింది. సుప్రీంకోర్టు వెంటనే స్టే ఇచ్చిన మాట నిజమే. అయినా దినసరి కూలీల గోడు పాలనాపీఠాన్ని కుదిపిందంటే వారి వెనుక సంఘం ఉంది కాబట్టే. రంగత్‌లో సర్కారీ కొలువు పక్కనే కొట్టు కొలువు ఉంటుంది. పొరుగింటి మనిషి పదవీ విరమణ సొమ్ము చూసి తనకూ ఏదో వస్తుందని గుమస్తా ఆశపడితే తప్పు అతనిది కాదు.

అడవి కథ కూడా ఇందులో కలిసింది. దీవుల్లో ప్రైవేటు రంగంలో పెద్ద సంఖ్యలో మనుషులను పెట్టుకున్నవి కలప, ప్లైవుడ్ మిల్లులు. 2002 మే 7న సుప్రీంకోర్టు స్థానిక అవసరాలకు మించి చెట్లు కొట్టడాన్ని నిలిపివేసింది. అడవికి అది అవసరమైన తీర్పే. కాని గడపకు పైన ఉన్న ప్రైవేటు కొలువులు ఆ దెబ్బతో కుదించుకుపోయాయి. మిగిలిన కిరాణా కొట్లు, హోటళ్లు, మరమ్మతు షాపులు చాలావరకు గడపకు దిగువనే ఉంటాయి.

ఈ పరిస్థితి అనివార్యమా అంటే కాదు. యుఏఈలో ఉద్యోగం ముగిసినప్పుడు ఇచ్చే గ్రాట్యుటీకి మనుషుల సంఖ్యతో పని లేదు. ఏడాది పూర్తయితే చాలు, మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజుల మూల వేతనం, ఆపైన 30 రోజులు. దుబాయిలో చిన్న కిరాణాలో పనిచేసిన తెలుగువాడికి చట్టరీత్యా దక్కేది స్వదేశంలోని రంగత్ కొట్టులో దక్కదు. 1966 నాటి ఆంధ్రప్రదేశ్ ఆలోచన సముద్రం దాటలేదు. 1972 నాటి గడప దాటింది. కేంద్రం 2019లో తెచ్చిన శ్రమయోగి మాన్‌ధన్ పింఛనులో చేరడానికి వయసు 18 నుంచి 40 ఏళ్ల లోపే ఉండాలి. ఇవాళ దిగిపోతున్న తరానికి అది అందని పండు.

అయితే చట్టం మూసిన తలుపులో కొన్ని సందులు ఉన్నాయి. ఒకసారి పదిమంది ఉన్న సంస్థకు చట్టం వర్తిస్తే, ఆ తరువాత సంఖ్య తగ్గినా వర్తిస్తూనే ఉంటుందని 1984 సవరణ చెబుతోంది. కాబట్టి ఈనాడు నలుగురే ఉన్న కొట్టులో ఒకప్పుడు ఎందరున్నారన్నది అడగవలసిన ప్రశ్న. పాత హాజరు పట్టీ ఒక్కటి దొరికినా దానికి విలువ ఉంది. రెండోది, యజమాని ఇస్తానన్నది కాగితం మీద ఉంటే అది ఒప్పందమవుతుంది. నోటిమాట అయితే కోర్టులో రుజువు చేయడం కష్టం.

జిర్కాటాంగ్ దగ్గర వాహనాల వరుసలో నిలబడి, జరావా అభయారణ్యం దాటి, 170 కిలోమీటర్ల దూరంలోని రాజధానికి వెళ్లి అర్జీ పెట్టడం అరవై ఏళ్ల మనిషికి తేలిక కాదు. ఆ కాగితమేదో కొలువులో చేరిన నాడే, షావుకారు, గుమస్తా ఇద్దరూ నవ్వుతూ ఉన్న నాడే రాసుకోవడం మేలు. పదిమంది గడప తీసేయడం మాత్రం పార్లమెంటు పని. అండమాన్ నికోబార్ దీవులకు అక్కడ ఉన్నది ఒకే ఒక్క లోక్‌సభ స్థానం.