ఫ్రిట్జ్ మెల్‌బీ: పిస్సారోను సముద్రం దాటించిన డెన్మార్క్ చిత్రకారుడు

ఇంప్రెషనిస్టు చిత్రకళకు ఆద్యులలో ఒకరైన కామిల్ పిస్సారో జీవితచరిత్రలో తొలి పుటలలోనే ఫ్రిట్జ్ మెల్‌బీ పేరు కనిపిస్తుంది, కొద్దిసేపటికే కనుమరుగవుతుంది. డెన్మార్క్ సముద్ర చిత్రకారుడైన మెల్‌బీకి ఆ పాత్రకు వెలుపల కూడా విశాలమైన జీవితం ఉంది.

ఆయన 1826లో హెల్సింగోర్‌లో జన్మించారు. షేక్‌స్పియర్ హామ్లెట్ కథకు నెలవైన ఎల్సినోర్ ఇదే. డెన్మార్క్, స్వీడన్‌ల నడుమ ఉన్న ఇరుకైన జలసంధి ఒడ్డున వెలసిన ఈ రేవులో, రాకపోకలు సాగించే నౌకలు 1857 వరకు సుంకం చెల్లించవలసి వచ్చేది. నానా దేశాల తెరచాపలు నిత్యం కనిపించే ఆ ఊరిలో సముద్ర చిత్రకారులు తయారు కావడంలో వింత లేదు. అన్నలు ఆంటన్, విల్హెల్మ్‌లు కూడా సముద్ర చిత్రకారులే. ఫ్రిట్జ్ పెద్దన్న ఆంటన్ వద్దనే కుంచె పట్టడం నేర్చారు.

1849లో ఆయన కరీబియన్ సముద్రంలోని సెయింట్ థామస్ ద్వీపానికి బయలుదేరారు. తమిళనాడు తీరంలోని తరంగంబాడిని 1845లో ఈస్టిండియా కంపెనీకి అమ్మివేసిన డెన్మార్క్, సెయింట్ థామస్‌ను మాత్రం 1917 వరకు తన అధీనంలోనే ఉంచుకుంది. అక్కడ తండ్రి వ్యాపారంలో పనిచేస్తూ, తీరిక దొరికినప్పుడల్లా బొమ్మలు గీసుకునే పిస్సారో మెల్‌బీకి పరిచయమయ్యారు. మెల్‌బీ ఆయన కంటే నాలుగేళ్లు మాత్రమే పెద్ద. గురువు అనడం కంటే తోవ చూపిన సహచరుడు అనడమే సబబు.

1852లో ఇద్దరూ వెనిజులాకు పయనమయ్యారు. లా గ్వాయిరా రేవులోను, కరాకస్ నగరంలోను సుమారు రెండేళ్లు బొమ్మలు గీస్తూ గడిపారు. బజారులు, కొండవాలులు, జనజీవనం వారి కాగితాలపైకి ఎక్కాయి. తిరిగివచ్చిన పిస్సారో 1855లో పారిస్ చేరి, ఆంటన్ మెల్‌బీ వద్ద సహాయకుడిగా పనిచేశారు. 1859 నాటి పారిస్ సలోన్ ప్రదర్శనలో తాను ఆంటన్ శిష్యుడినని నమోదు చేయించుకున్నారు. పేరున్న గురువును చెప్పుకోవడం నాటి ఆనవాయితీ. దుకాణం నుండి బయటికి నడిపించిన తమ్ముడి పేరుకు అక్కడ చోటు దక్కలేదు.

ఫ్రిట్జ్ మాత్రం ఒకచోట నిలువలేదు. వెనిజులా నుండి ఐరోపాకు, అక్కడి నుండి న్యూయార్క్‌కు చేరారు. ప్రసిద్ధ అమెరికన్ ప్రకృతి చిత్రకారుడు ఫ్రెడరిక్ చర్చ్‌తో కలిసి 1865లో జమైకా పర్యటించారు. నౌకలతో మొదలైన ఆయన చిత్రకళ ఈ ప్రయాణాలలో ఉష్ణమండల అరణ్యాల వైపు మళ్లింది. 1866లో తన చిత్రాలలో అధికభాగాన్ని చర్చ్‌కు అప్పగించి ఆసియాకు పయనమై, పెకింగ్, జపాన్‌లను సందర్శించారు. 1869లో షాంఘైలో మరణించారు. అప్పటికి ఆయన వయస్సు 43 ఏళ్లు.

అప్పగించిన చిత్రాలు మిత్రుని వద్దనే ఉండిపోయాయి. హడ్సన్ లోయలోని చర్చ్ నివాసం ఒలానా నేడు మ్యూజియం. అక్కడ మెల్‌బీ చిత్రాల నడుమ భద్రంగా ఉన్న రేఖాచిత్రాలలో కొన్ని నిజానికి యువ పిస్సారో గీసినవని పరిశోధకులు తరువాత గుర్తించారు.