గమ్మున ఉంటే ఒప్పుకున్నట్టేనా?



మౌనం అర్ధాంగీకారం అని మనలో ఒక మాటుంది. పెళ్ళిచూపుల్లో పిల్ల తల వంచుకుని కూచుంటే, పెద్దవాళ్ళు ఈ మాట అనేసి తాంబూలాలు మార్చుకునేవాళ్ళు. పిల్ల మనసులో ఏముందో అడిగినవాళ్ళు తక్కువ. ఈ మాటనే పెట్టుబడిగా పెట్టి వ్యాపారం చేసినవాళ్ళూ ఉన్నారు. వాళ్ళకి కోర్టులూ, చట్టాలూ ఏం బదులు చెప్పాయో ఈ పూట చెప్పుకుందాం.

వాడుక అనేది మనకు కొత్త కాదు. పాల వాడుక ఉంది, పేపరు వాడుక ఉంది. నెల తిరిగాక లెక్క చూసి డబ్బిస్తాం. ఊరెళ్ళేటప్పుడు "రేపట్నుంచి వద్దు నాయనా" అని గుమ్మంలోనే చెప్తాం, అంతటితో ఆగిపోతుంది. ఇప్పుడు ఫోనులోకీ, టీవీలోకీ వచ్చిన చందాలు అట్టా కాదు. మొదటి నెల ఉచితం అంటారు, కార్డు నంబరు పుచ్చుకుంటారు. గడువు తీరాక మనం వద్దనకపోతే కావాలన్నట్టే లెక్క. చేరడానికి ఒక్క నొక్కు చాలు, మానుకోవాలంటే ఎక్కడ నొక్కాలో కనిపించదు.

ఈ తగువు పాతదే. 1862లో ఇంగ్లండులో ఒక గుర్రం మీద వచ్చింది. పాల్ ఫెల్ట్‌హౌస్ అనే పెద్దమనిషి, తనకు కొడుకు వరసయ్యే జాన్ దగ్గర గుర్రం కొనాలనుకున్నాడు. నువ్వు మళ్ళీ కబురు చెయ్యకపోతే 30 పౌన్ల 15 షిల్లింగులకి గుర్రం నాదే అనుకుంటానని జాబు రాశాడు. జాన్ బదులు రాయలేదు. ఈలోగా వేలంపాట పాడే ఆయన పొరపాటున ఆ గుర్రాన్ని ఇంకెవరికో అమ్మేశాడు. నా గుర్రాన్ని అమ్మేశాడని పెద్దాయన దావా వేశాడు. జాన్‌కి మనసులో అమ్మాలనే ఉంది. అయినా కోర్టు ఒప్పుకోలేదు. జాబు రాయకపోతే సరేనన్నట్టే అని ఎదుటిమనిషి మీద షరతు రుద్దే హక్కు ఎవరికీ లేదని తీర్పు చెప్పింది.

తర్వాత అమెరికాలో పుస్తకాల క్లబ్బులు వచ్చాయి. 1926లో మొదలైన 'బుక్ ఆఫ్ ది మంత్ క్లబ్' వాటిలో పేరున్నది. ఈ నెల పుస్తకం వద్దు అని సభ్యులు కార్డు తిప్పి పంపాలి. పంపకపోతే పుస్తకమూ వస్తుంది, బిల్లూ వస్తుంది. 1973లో అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ దీనికి నియమాలు పెట్టింది. షరతులు ముందుగానే స్పష్టంగా చెప్పాలి, వద్దనడానికి కనీసం 10 రోజుల గడువివ్వాలి అంది.

నియమం ఉన్నా, నూరు రూపాయలు పోయిన ఇల్లాలు ప్లీడరు దగ్గరికి పోతుందా? ప్లీడరు ఫీజే ఎక్కువవుతుంది. వ్యాపారి ధైర్యం కూడా అదే. దీనికి విరుగుడు సమూహ దావా. ఒకే రకంగా నష్టపోయిన వేలమంది తరపున ఒకరిద్దరు వేసే కేసు అది. 1966లో అమెరికాలో దీని నిబంధనలు మార్చారు. డబ్బు కోసం వేసే ఇట్టాంటి దావాల్లో, నేను చేరను అని చెప్పనివాళ్ళందరూ చేరినట్టే లెక్క. అంటే, గమ్మున ఉన్నవాళ్ళకి కూడా న్యాయం అందుతుందన్నమాట!

ఈ దావాలు ఎక్కువగా రాజీతో ముగుస్తాయి. ఆ రాజీని జడ్జి పరిశీలించి ఒప్పుకోవాలి. న్యూయార్క్ టైమ్స్ పత్రిక చందాలను దానంతటదే పొడిగించిందని 2020లో కాలిఫోర్నియా చందాదారుల తరపున దావా పడింది. రాజీలో కొందరికి డబ్బు, కొందరికి డబ్బు బదులు పత్రిక చదువుకునే ఉచిత కోడు ఇస్తామన్నారు. 2023లో పై కోర్టు ఆ రాజీ ఆమోదాన్ని రద్దు చేసి, మళ్ళీ సరిగా పరిశీలించమంది. ఏ చందా వద్దని కోర్టుకెక్కారో ఆ చందానే పరిహారంగా ఇస్తే ఎట్లా, మీరే చెప్పండి!

ప్రభుత్వమే కేసు వేసిన సందర్భాలూ ఉన్నాయి. 2025 సెప్టెంబరులో ప్రైమ్ చందాల విషయమై అమెజాన్ ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌తో 250 కోట్ల డాలర్లకు రాజీపడింది. తప్పు చేశామని మాత్రం ఒప్పుకోలేదు. అందులో 150 కోట్ల డాలర్లు దాదాపు మూడున్నర కోట్లమంది ఖాతాదారులకు తిరిగి ఇవ్వడానికి.

మరి మన సంగతి? ఫోనులో పాటలూ, జోకులూ అడక్కుండానే అంటగట్టి బాలెన్సు కోసుకుంటున్నారని ఫిర్యాదులు పెరిగాక, 2013లో ట్రాయ్ రెండుసార్లు ఒప్పుకుంటేనే అట్టాంటి సేవ మొదలుపెట్టాలని ఆదేశించింది. 1 అక్టోబరు 2021 నుంచి రిజర్వు బ్యాంకు నిబంధన అమలైంది. కార్డు మీద పదేపదే డబ్బు తీసుకునే చందా అయితే, తీసుకోవడానికి కనీసం 24 గంటల ముందు సందేశం రావాలి, వద్దనుకుంటే ఆపే వీలుండాలి. 2023 నవంబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 13 రకాల కపట పద్ధతులను నిషేధించింది. చందా ఉచ్చు అందులో ఒకటి.

సమూహ దావా మన చట్టంలోనూ ఉంది. 1986 చట్టంలో 12వ సెక్షను, ఇప్పటి 2019 చట్టంలో 35వ సెక్షను. ఒకే రకం నష్టం జరిగినవాళ్ళ అందరి తరపునా, జిల్లా కమిషను అనుమతితో ఒకరు ఫిర్యాదు చెయ్యొచ్చు. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపయితే ఫీజు కూడా లేదు.

ఇది పట్నం వాళ్ళ గొడవ, మనకెందుకు అనుకోవద్దు. మైపాడు, కోడూరు తీరాన ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా పడవలు వేటకు పోవు. ఆ రెండు నెలలూ ఇంటికి రాబడి ఉండదు. చందాకి మాత్రం విరామం లేదు. అట్టాంటి ఇంట్లో నూటయాభై రూపాయలంటే ఎన్ని రోజుల కూరగాయలో మనకి తెలుసు.

కలిసి అడగడం మన నెల్లూరు ఆడవాళ్ళకి ఎవరూ నేర్పక్కర్లేదు. 1992లో సాక్షరతా తరగతుల్లో కూచున్న దూబగుంట స్త్రీలు సారా వద్దన్నారు. ఆ గొంతు ఊరూరా పాకింది. 1 అక్టోబరు 1993న రాష్ట్రమంతా సారా ఆగింది. తాగుబోతు భర్తతో ఒక్కో ఇల్లాలు ఒంటరిగా పోరాడినంత కాలం దుకాణం కదల్లేదు.

కాబట్టి పద్దుపుస్తకంలో పాలు, పేపరు పక్కనే ఈ చందాలూ రాసుకోండి. ఏ తారీఖున ఎంత పోతోందో చూడండి. అక్కర్లేనిది ఆపెయ్యండి, ఆగకపోతే 1915కి ఫోను చెయ్యండి. పొదుపు సంఘంలో కూచున్నప్పుడు పక్కావిణ్ణి కూడా అడగండి, నీకూ ఇట్లాగే పోయిందా అని. పోయిందంటే, ఫిర్యాదు ఇద్దరిదీ అవుతుంది.

సెలవు.