బేతాళుని తుదిప్రశ్న

సూరత్‌లో మగ్గములను నమ్ముకొని స్థిరపడిన తెలుగు కుటుంబములు పెక్కు. అట్టి యింట పెరిగిన యొక పాఠకుడు, చిన్ననాట తనను నిద్రపోనీయని ‘చందమామ’ బేతాళకథలు పోనుపోను చప్పబడినవని చెప్పెను. ఇది వయసు తెచ్చిన మార్పు మాత్రమే కాదు. కథాచరిత్రలోనే దీనికి కారణము కలదు.

1870లో బర్టన్ మన బేతాళుని ఆంగ్లమున రక్తపిశాచమును చేసి, 11 కథలతో సరిపెట్టెను. బేతాళుడు రక్తము త్రాగువాడు కాడు. శవము నావహించి మాటాడువాడు. 11వ శతాబ్దమున సోమదేవుడు ‘కథాసరిత్సాగరము’న చేర్చిన పాఠములో 24వ ప్రశ్న విచిత్రమైనది: తండ్రి కూతురును, అతని కుమారుడు ఆమె తల్లిని పెండ్లాడగా, పుట్టిన బిడ్డలకు పరస్పరము ఏమి వరుస? త్రివిక్రమసేనుడు ఉత్తరమెరుగక మౌనము వహించెను. అప్పుడే బేతాళుడు సంతసించి, భిక్షువు కుట్రను బయటపెట్టి రాజును కాపాడెను. తొల్లిటి 23 ఉత్తరములును ఈ మౌనమునకు సోపానములే.

1950 దశాబ్దిలో ‘చందమామ’ ప్రారంభించిన ధారావాహికము పాతికతో నిలువలేదు. క్రొత్త కథలు వందలకొలది వచ్చినవి. వానిలో చక్కనివి లేకపోలేదు. కాని నెలనెలయు రాజునకు ఉత్తరము తెలియవలసినదే, శవము చెట్టెక్కవలసినదే. ఆయన యెరుగని ప్రశ్న యొక్కటి వచ్చినచో శీర్షికయే ముగియును గదా! విక్రమార్కుడు ఓడడని ముందే యెరిగిన పాఠకునకు ఆ శ్మశానమున భయపడుటకు ఏమియు మిగులలేదు.