ఓరుగల్లు మద్దెల

క్రీడాభిరామం చదివినవారికి కాకతీయుల నాటి ఓరుగల్లు నగరం కళ్ళకు కట్టినట్లు కనిపిస్తుంది. వినుకొండ వల్లభరాయని పేర ప్రసిద్ధమైన ఆ కావ్యంలో గోవింద మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే ఇద్దరు మిత్రులు రాజధాని వీధుల వెంట తిరుగుతూ, కంటబడిన వింతలన్నీ ముచ్చటించుకొంటారు. వాటిలో ఒకటి మా మనస్సును చాలకాలంగా పట్టుకొని ఉన్నది. ఒక స్త్రీ పల్నాటి వీరుల కథను ద్విపదలో పాడుతున్నది. పాడుతూ, తానే వాద్యం వాయిస్తున్నది. ఆ వాద్యం మోత ఎట్లున్నదో కవి అక్షరాలలోకి దించి వినిపించినాడు. ఆమె పట్టిన తాళం ద్రుతమని చెప్పినాడు. వింటున్న యువకులు ఆవేశంతో ఊగిపోయినారని చెప్పినాడు. ఆమె పేరు మాత్రం చెప్పలేదు.

పేర్లు చెప్పే అలవాటు ఆ కవికి లేదనడానికి వీలులేదు. ప్రతాపరుద్రుని ఆస్థానంలో ప్రసిద్ధికెక్కిన మాచల్దేవి పేరు ఆ కావ్యంలోనే ఉన్నది. అందుచేత ఈ లోపం ఒక్క కవిది కాదనీ, మన అందరిదనీ మాకు తోచింది. పాడినవారిని, ఆడినవారిని, ఆడించిన ప్రభువులను మనం గుర్తుంచుకొన్నాము. వెనుక కూర్చుండి లయను నిలబెట్టినవారిని మరచినాము. ఓరుగల్లు ప్రాంతపు వాద్యకారుల చరిత్ర చెప్పబూనితే ఈ మరపు గురించి కూడ చెప్పక తప్పదు.

చర్మవాద్యాల పుట్టుకను గురించి భరతుని నాట్యశాస్త్రంలో ఒక చక్కని కథ ఉన్నది. స్వాతి అనే ముని నీటి కోసం ఒక సరస్సుకు వెళ్ళినాడు. ఇంతలో వాన వచ్చింది. తామరాకుల మీద చినుకులు పడుతున్నవి. పెద్ద ఆకు మీద పడిన చినుకు ఒక విధంగా, నడిమి ఆకు మీద పడినది ఒక విధంగా, చిన్న ఆకు మీద పడినది మరొక విధంగా మోగింది. ముని ఆ భేదాన్ని మనస్సులో పెట్టుకొని వచ్చి, విశ్వకర్మ సహాయంతో మృదంగాది వాద్యాలను చేయించినాడు. ఇది కథయే కావచ్చు. కాని చినుకు ఒక్కటే అయినా, ఆకును బట్టి నాదం మారుతుందన్న పరిశీలనలో శాస్త్రం ఉన్నది. వాననీటిని ఒడిసిపట్టి చెరువులు కట్టిన కాకతీయుల సీమలో ఈ కథ చెప్పుకొనడం మరింత ఉచితంగా ఉంటుంది.

ఆ కాకతీయులలో గణపతిదేవుడు 1199 నుండి 1262 వరకు రాజ్యం చేసినాడు. ఆయన గజసేనకు అధిపతి జాయపసేనాని. యుద్ధంలో ఏనుగులను నడిపించిన ఈ సేనాని 1254 ప్రాంతంలో నృత్తరత్నావళి అనే సంస్కృత గ్రంథాన్ని ఎనిమిది అధ్యాయాలలో రచించినాడు. మొదటి నాలుగింటిలో మార్గ సంప్రదాయం, తక్కిన నాలుగింటిలో దేశి సంప్రదాయం ఉన్నవి. శాస్త్రమెరిగిన పండితుడు దేశి నృత్యాలకు సగం గ్రంథాన్ని ఇచ్చినాడంటే, ఆయన తన చుట్టూ ఉన్న జనం ఆటపాటలను ఎంత శ్రద్ధతో చూచినాడో ఊహించుకొనవచ్చు. ఆయనే గీతరత్నావళి, వాద్యరత్నావళి అనే గ్రంథాలను కూడ రచించినాడని పెద్దలు చెబుతారు. అవి మనకు దొరకలేదు. నాట్యాన్ని గూర్చినది మిగిలింది. వాద్యాన్ని గూర్చినది పోయింది. అదే శతాబ్దంలో దేవగిరిలో శార్ఙ్గదేవుడు రచించిన సంగీతరత్నాకరంలో వాద్యాధ్యాయం నిలిచి ఉండబట్టి నాటి చర్మవాద్యాల నిర్మాణం, వాదనపద్ధతి మనకు కొంత తెలుస్తున్నవి. ఓరుగల్లు సీమలోని పాలకుర్తికి చెందిన సోమనాథకవి తన పండితారాధ్య చరిత్రలో నాటి నృత్యాలను, వాద్యాలను పేరుపేరునా ఏకరువు పెట్టినాడు. వాద్యాల పేర్లు ఈ విధంగా మనకు మిగిలినవి.

ఇక వాద్యకారుల రూపాలు చూడదలచినవారు పాలంపేటలోని రామప్ప గుడికి వెళ్ళవలె. రేచర్ల రుద్రుడు నిర్మింపజేసిన ఈ ఆలయపు శాసనం 1213 నాటిది. 2021లో యునెస్కో దీనిని ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది. యాత్రికుల కన్నులు ముందుగా వెలుపలి మదనికల మీద నిలుస్తవి. అది సహజం. కాని రంగమంటపంలో స్తంభాల మీద, దూలాల మీద చెక్కిన చిన్న శిల్పాలను కొంత ఓపికతో చూడండి. నర్తకి ఒక భంగిమలో ఉంటుంది. ఆమె పక్కన మద్దెల వాయించేవాడు ఉంటాడు. మెడనుండి వ్రేలాడే మద్దెల, దాని రెండు ముఖాల మీద రెండు చేతులు, నర్తకి వైపు తిరిగిన ముఖం. ఆమె అడుగు ఎక్కడ పడుతుందో అతనికి తెలియవలె; అతని దెబ్బ ఎప్పుడు పడుతుందో ఆమెకు తెలియవలె. ఈ పరస్పర జ్ఞానాన్ని శిల్పి గమనించినాడు. శాసనంలో ప్రభువు పేరున్నది. ఆ శిల్పి ఎదుట నిలిచి మద్దెల వాయించినవాడెవడో ఎవరూ వ్రాసిపెట్టలేదు.

1323లో ఓరుగల్లు పతనమైనది. ఆస్థానాలు పోయినవి, వాటిని నమ్ముకొన్న కళలూ చెదరిపోయినవి. కాని మద్దెలకు ఆస్థానం ఒక్కటే దిక్కు కాదు. ఊరూరా అది వేరు రూపాలలో బ్రతికింది. ఐనవోలులో, కొమురవెల్లిలో మల్లన్న జాతరకు వెళ్ళినవారికి ఒగ్గుడోళ్ళ సంగతి మేము చెప్పనక్కరలేదు. మల్లన్న కథ, బీరప్ప కథ, ఎల్లమ్మ కథ చెప్పే ఒగ్గువారి వెనుక డోలు మ్రోగుతుంది. కథకుడు మాట ఆపిన చోట డోలు కథను అందుకొంటుంది. యుద్ధఘట్టంలో పరుగెత్తి, శోకఘట్టంలో అడుగు తగ్గిస్తుంది. జనగామ ప్రాంతంలోని మాణిక్యపురం నుండి వచ్చిన చుక్క సత్తయ్యగారు ఈ ఒగ్గుకథను దేశమంతటా వినిపించి, సంగీత నాటక అకాడమీ పురస్కారాన్ని అందుకొని, 2017లో దివంగతులైనారు. ఆయన పేరు మనకు తెలిసింది. సంతోషమే. ఆయన వెనుక డోళ్ళు వాయించినవారిలో ఎందరి పేర్లు మనం చెప్పగలము?

డప్పు విషయం మరింత బాధాకరమైనది. కర్రతో చేసిన వలయానికి తోలు బిగిస్తారు. వాయించబోయే ముందు మంట దగ్గర కాచుతారు. వేడికి తోలు బిగిసి నాదం పైకి లేస్తుంది. ఒక చేత పొట్టికర్ర, ఒక చేత సన్నని పుల్ల పట్టుకొని వాయిస్తారు. పెండ్లికి డప్పు కావలె, జాతరకు డప్పు కావలె, చావుకు డప్పు కావలె, ఊరికి చాటింపు వేయుటకు డప్పు కావలె. ఇన్నింటికి కావలసిన వాద్యాన్ని వాయించే మనిషిని మాత్రం ఊరు తరతరాలుగా వెలుపల ఉంచింది. మృదంగానికి తోలు సిద్ధం చేసిన చేతులకు కూడ ఇదే గతి పట్టింది. తెలంగాణ ఉద్యమకాలంలో డప్పు వేదిక నడుమకు వచ్చి నిలిచినప్పుడు, అది కేవలం ఉత్సాహం కోసం వచ్చిందని అనుకొనరాదు. చాలనాళ్ళ బాకీలో అది ఒక వంతు.

అడవి వైపు వెళితే కోయల వాద్యాలు వినిపిస్తవి. మేడారంలో రెండేండ్లకొకసారి జరిగే జాతర సమ్మక్క సారలమ్మలది. కాకతీయ సైన్యంతో పోరాడి ఒరిగినవారుగా జనం వారిని కొలుస్తున్నారు. ఆ కథను, కోయ వంశాల కథలను డోలి వాయిస్తూ గానం చేసిన సకిని రామచంద్రయ్యగారికి 2022లో పద్మశ్రీ లభించింది. 2024లో ఆయన కన్నుమూసినారు. ఓరుగల్లు రాజుల కథకు శాసనాలున్నవి. వారిని ఎదిరించినవారి కథను మోసుకొనివచ్చినది ప్రధానంగా డోలి, దానిని వాయించినవారి జ్ఞాపకశక్తి.

కాకతీయుల నాటి పేరిణి నృత్యం మళ్ళీ వెలుగు చూచిన కథ మన కాలానిది. నటరాజ రామకృష్ణగారు నృత్తరత్నావళిని, రామప్ప గుడి శిల్పాలను దగ్గర పెట్టుకొని, ఎన్నో ఏండ్లు శ్రమించి పేరిణికి తిరిగి రూపం కల్పించినారు. 1985 మహాశివరాత్రి నాడు రామప్ప గుడిలోనే దానిని ప్రదర్శింపజేసినారు. పేరిణిలో కాలి గజ్జెలే ఒక వాద్యం. వాటిని మోగించుటకు, ఆపుటకు, లెక్కకు తగినట్లు కొన్నింటినే పలికించుటకు నర్తకుడు ఎంతో సాధన చేయవలె. అందుకు మద్దెల జోడు కావలె. శిల్పాన్ని చూచి భంగిమను తెలుసుకొనవచ్చు. చేయి గాలిలో నిలిచిన మద్దెలగాణ్ణి చూచి, అతడు వాయించిన జతిని తెలుసుకొనుట సాధ్యం కాదు. ఆ జతులను నేటి వాద్యకారులు తమ విద్యనుండి తీసి ఇవ్వవలసి వచ్చింది.

ఇక్కడ నాదాన్ని గురించి ఒక మాట చెప్పవలె. కచేరిలో వినిపించే మృదంగాన్ని పనసకర్రతో చేస్తారు. దాని కుడిముఖం మీద నల్లని పూత ఉంటుంది. అది గాయకుని శ్రుతిలో పలుకుతుంది. ఎడమముఖం కొంత పెద్దది. కచేరికి కూర్చొనే ముందు దాని నడుమ తడిపిన రవ్వముద్దను అద్దుతారు. ఆ బరువుకు తోలు నెమ్మదిగా కదలి, నాదం మంద్రంలోకి దిగుతుంది. కచేరి ముగిసిన తర్వాత ఆ ముద్దను గీకివేస్తారు. కుడిచేతి నేర్పు శ్రోతను మెప్పిస్తుంది. ఎడమచేతి గుంభనం పాటను మోస్తుంది. ఆ మంద్రనాదం ఉన్నంతసేపు అది ఉన్నదని గమనించము. అది ఆగిన క్షణంలో పాట నేల విడిచినట్లు ఉంటుంది.

ఈ విద్యను రేడియో ఇంటింటికీ చేర్చింది. ఆకాశవాణి విజయవాడ కేంద్రంలో మృదంగ విద్వాంసులుగా ఉండిన దండమూడి రామమోహనరావుగారి చేతిని కోస్తా జిల్లాలలో రేడియో ఉన్న ఇళ్ళవారు గుర్తుపట్టగలిగేవారు. ఆయన శిష్యురాలు, సహధర్మచారిణి నిడుమోలు సుమతిగారికి 2021లో పద్మశ్రీ లభించింది. స్త్రీలకు మృదంగమెందుకని అడిగే రోజులలో ఆమె ఆ వాద్యాన్ని చేపట్టినారు. క్రీడాభిరామంలో పేరు లేకుండా పోయిన ఆ ఓరుగల్లు స్త్రీకి ఆరువందల ఏండ్ల తర్వాత ఒక చెల్లెలు లభించిందని మాకు అనిపిస్తుంది. ఈ చెల్లెలికి పేరున్నది.

ఈ మరపు మన దేశానికే పరిమితమని అనుకొనవలసిన పనిలేదు. అమెరికాలో డెట్రాయిట్ నగరాన మోటౌన్ అనే రికార్డుల సంస్థ 1959లో మొదలైనది. ఆ సంస్థ పాటలు ప్రపంచమంతా మ్రోగినవి. వాటిలో అనేకం వెనుక బాస్ గిటారు మీద మంద్రస్వరాలు పలికించినవాడు జేమ్స్ జేమర్సన్. డ్రమ్ములు వాయించినవాడు బెన్నీ బెంజమిన్. గాయకుల పేర్లు లోకానికి తెలిసినవి. వీరి పేర్లు చాలకాలం రికార్డు అట్టల మీద లేవు. 1971లో మార్విన్ గే వెలువరించిన ‘వాట్స్ గోయింగ్ ఆన్’ అట్ట మీద వాద్యకారుల పేర్లు అచ్చైనవి. అప్పటికి బెంజమిన్ చనిపోయి రెండేండ్లయింది. జేమర్సన్ 1983లో మరణించినాడు. ఆయనకు పెద్ద గౌరవాలు జరిగినది ఆ తర్వాతనే. రామప్ప గుడి దూలం మీది మద్దెలగానికి, డెట్రాయిట్ స్టూడియోలో కూర్చున్న బాస్ వాద్యకారునికి నడుమ ఏడువందల ఏండ్లు, ఏడు సముద్రాలు ఉన్నవి. ఇద్దరికీ జరిగినది ఒకటే.

ఇతరులను తప్పుపట్టుటకు ముందు మా తప్పు కూడ ఒప్పుకొనవలె. మేము ఈ ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక రాత్రి కచేరి ప్రసారమవుతున్నది. గాయకులు చివరి కీర్తనను పెంచినారు. వార్తలకు వేళయింది. మేము గాయకుని పేరు మాత్రం చెప్పి ప్రసారాన్ని ముగించినాము. పక్కవాద్యాల పేర్లు చెప్పలేదు. మృదంగం వాయించిన పెద్దమనిషి స్టూడియో బయట చెప్పులు తొడుగుకొంటూ, “ఇంటిదగ్గర మా అమ్మ పేరు కోసం వింటూ ఉంటుంది నాయనా” అన్నారు. ఇంకేమీ అనలేదు. నాలుగు రోజుల తర్వాత ఒక శ్రోత కార్డు వ్రాసినారు: ఆనాటి మృదంగం ఎవరిది? మేము జవాబు వ్రాసినాము. ఆ తల్లికి వ్రాయవలసిన జవాబు మాత్రం మా దగ్గర లేకపోయింది. ఆనాటి నుండి ఇప్పటివరకు, వేళ మించినా సరే, పక్కవాద్యాల పేర్లు చెప్పకుండా మేము మైకు ముందునుండి లేవలేదు.

శ్రోతలకు మా మనవి రెండే మాటలు. చిన్న స్పీకరులో, చేతిలో ఇమిడే ఫోనులో మంద్రనాదం సగానికి సగం అణగిపోతుంది. వీలున్నప్పుడు కొంత పెద్ద సెట్టు ముందు కూర్చుండి, గాయకుని విడిచి ఒక్క పాటసేపు ఎడమచేతిని వినండి. మీ ఊరిలో డోలు, డప్పు, మద్దెల వాయించే పెద్దలుంటే, ఈ వారంలోనే వెళ్ళి వారి పేరు, వారికి నేర్పినవారి పేరు అడిగి ఒక కాగితం మీద వ్రాసి ఉంచండి. ఓరుగల్లు వీధిలో మంచనశర్మ ఆ ఒక్క ప్రశ్న అడిగి ఉంటే, నేడు ఆమె పేరుతో ఈ ప్రసంగం మొదలయ్యేది.