ఇంజను తొట్టిలో వచ్చిన చేప

పొటోమాక్ నదిలో గాలం వేసేవారు ఎంతో ఆదరంతో చెప్పుకొనే చేప స్మాల్‌మౌత్ బాస్. కంచు వన్నె ఒళ్ళు, దాని మీద నిలువు చారలు, ఎర్రని కన్ను. రాళ్ళూ పారుదలా ఉన్న తేట నీటిని కోరుకుంటుంది. గాలానికి చిక్కినదా, నీటిపైకి ఎగిరి తల విదిల్చి, పట్టినవాడి ఓపికను పరీక్షించి గాని లొంగదు. వాషింగ్టన్ నగరానికి ఎగువన, గ్రేట్ ఫాల్స్ జలపాతం దాటి హార్పర్స్ ఫెర్రీ వైపు వెళ్ళిన కొద్దీ, వేసవిలో మోకాటి లోతు నీటిలో నిలబడి దీని కోసం గాలం విసిరేవారు కనబడుతూ ఉంటారు. ఆ ప్రాంతంలో ఉంటున్న బ్లాగ్మిత్రులు చూసే ఉంటారు.

అయితే ఈ చేప ఆ నదిది కాదు. పందొమ్మిదో శతాబ్దపు నడిమి దాకా పొటోమాక్‌లో ఈ జాతి లేదు. అది ఈదుకుంటూ వచ్చినది కూడా కాదు. రైలింజనులో వచ్చింది!

దీని పుట్టిల్లు అలెఘెనీ పర్వతాలకు అవతలి పక్క. మహా సరోవరాలు, ఒహాయో నది, మిసిసిపీ ఎగువ భాగం దీని సహజ స్థానాలు. ఆ పర్వతాల పడమటి వాలున పడిన వాన ఒహాయోలో కలిసి, మిసిసిపీ మీదుగా మెక్సికో సింధుశాఖకు చేరుతుంది. తూర్పు వాలున పడినది పొటోమాక్ గుండా చెసపీక్ అఖాతానికి వస్తుంది. నడుమ ఉన్న శిఖరం ఏ చేపా దాటగలిగినది కాదు.

దాటించినవాడు వీలింగ్ పట్టణవాసి విలియం శ్రైవర్. ఒహాయో నది ఒడ్డున ఉన్న ఆ ఊరు అప్పటికి వర్జీనియాలో భాగం. స్మిత్సోనియన్ సంస్థవారి 1854 వార్షిక నివేదికలో, అదే ఊరి వైద్యుడు జాన్ ఓఫ్ బాస్ చేప అలవాట్లను గురించి వ్రాస్తూ ఈ సంగతిని నమోదు చేశారు. శ్రైవర్ ఇరవైకి పైచిలుకు చేపలను, నీరు లోనికీ బయటికీ ఆడే ఒక పెట్టెలో ఉంచి, ఆ పెట్టెను ఇంజనుకు నీరందించే తొట్టిలో ముంచి, కంబర్లాండ్ పట్టణానికి తీసుకొనిపోయి అక్కడి కాలువ మడుగులో వదిలారట. సుమారు రెండు వందల మైళ్ళ ప్రయాణం. ఇంజనుకు నీరెలాగూ కావాలి, చేపకూ కావాలి. ఒకే నీటితో రెండు పనులూ నెరవేరాయి. బండి కుదుపులకు నీటిలో గాలి కలుస్తూ ఉండడమూ చేపలకు మేలే చేసి ఉంటుంది.

ఈ పని అంతకు పదేళ్ళ ముందు సాధ్యమయ్యేది కాదు. బాల్టిమోర్ అండ్ ఒహాయో రైలుమార్గమూ, చెసపీక్ అండ్ ఒహాయో కాలువా ఒకే రోజున, 1828 జూలై 4న, పోటాపోటీగా మొదలైన నిర్మాణాలు. రైలు 1842లో కంబర్లాండ్ చేరింది, 1853 నాటికి పర్వతాలు దాటి వీలింగ్ ముట్టింది. కాలువ 1850లో కంబర్లాండ్ దగ్గరే ఆగిపోయింది, ఒహాయోను ఎన్నడూ చేరలేదు. మనుషులు తవ్వలేకపోయిన ఆ మిగిలిన దారిని చేపలు రైలులో పూర్తి చేశాయన్నమాట! ఇంకొక ముచ్చట. విలియం తండ్రి డేవిడ్ శ్రైవర్, కంబర్లాండ్ నుంచి వీలింగ్ దాకా పర్వతాల మీదుగా వేసిన జాతీయ రహదారి నిర్మాణానికి పర్యవేక్షకుడు. తండ్రి తూర్పు నుంచి పడమటికి బాట వేశారు. కొడుకు పడమటి నుంచి తూర్పుకు చేపను తెచ్చారు. లోకోపకారమనే ఇద్దరూ తలచి ఉంటారు. వైద్యుడు ఓఫ్ కూడా దానిని మెచ్చుకుంటూనే వ్రాశారు.

పేరు గురించి ఒక మాట చెప్పక తప్పదు. నేను తెలుగు పండితుణ్ణే గాని చేపల పండితుణ్ణి కాను. కానీ వ్యుత్పత్తి కనబడితే ఊరుకోలేను. దీని శాస్త్రనామం మైక్రోప్టెరస్ డోలోమ్యూ. మొదటి మాటకు చిన్న రెక్క అని అర్థం. 1802లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లాసెపేద్ ఈ పేరు పెట్టినప్పుడు ఆయన ముందున్న నమూనాకు వీపు మీది రెక్క చివర చిరిగి ఉంది. ఆ చిరుగు ముక్కను వేరొక బుల్లి రెక్క అనుకొని ఆయన జాతికే ఆ పేరు పెట్టేశారు. రెండవ మాట ఆయన మిత్రుడు, 1801లో కన్నుమూసిన డోలోమ్యూ స్మృతికి. ఆయన పరిశోధించినది రాళ్ళను. డోలమైట్ అనే రాయికి పేరు ఆయన వల్లనే వచ్చింది. యౌగికార్థం చూడబోతే పేరులో సగం ఒక దెబ్బ తిన్న చేపది, సగం చేపతో పొత్తు లేని మనిషిది. ముందు పెట్టిన పేరే నిలవాలన్నది శాస్త్రనియమం కనుక అదే రూఢమైంది. బాస్ అన్న మాటకూ అదే గతి. నిజానికి ఇది అసలు బాస్‌ల కుటుంబానికి చెందదు.

కంబర్లాండ్ మడుగు నుంచి నదిలోకి చేరిన సంతతి వేగంగా పెరిగింది. 1861 నుంచి 1865 వరకు ఆ నదికి ఇరువైపులా సేనలు మోహరించి ఉన్నాయి. యుద్ధం ముగిసే నాటికి బాస్ స్థిరపడింది. 1870 ప్రాంతంలో పొటోమాక్ నుంచే వీటిని పట్టి పొరుగు నదులకు తరలించారు. 1881లో వైద్యుడు జేమ్స్ హెన్‌షాల్ ఈ చేపల మీద ఒక పెద్ద పుస్తకమే వెలువరించి, ట్రౌట్‌కు ఉన్న ప్రతిష్ఠ దీనికీ దక్కాలని వాదించారు. దక్కింది కూడా.

ఇక రెండవ కథ. 2002లో మేరీలాండ్‌లోని క్రాఫ్టన్ అనే ఊరి చెరువులో ఒక కొత్త చేప పడింది. అమెరికావారు దానిని స్నేక్‌హెడ్, అంటే పాముతల, అన్నారు. తెలుగువారికి దాని వంశం పరిచయమే. మన కొర్రమీనుకు దగ్గరి జ్ఞాతి, చైనా ప్రాంతపు జాతి. రోగంతో ఉన్న సోదరికి పులుసు కాచి ఇద్దామని ఒకాయన న్యూయార్క్ అంగడిలో ప్రాణంతో ఉన్నవాటిని తెప్పించుకున్నారట. ఆమె కోలుకోవడంతో చేపలను చెరువులో వదిలేశారట. పత్రికలు గగ్గోలు పెట్టాయి. ప్రభుత్వం రొటెనోన్ అనే మందు కలిపి ఆ చెరువులోని చేపలన్నిటినీ చంపించింది. అయినా 2004లో పొటోమాక్‌లోనే పాముతలలు బయటపడ్డాయి. దొరికినదానిని తిరిగి నీటిలో వదలకుండా చంపవలసిందని గాలం వేసేవారికి చెప్పారు.

ఈ రెండు రాకలనూ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు తేడా అంతుపట్టదు. ఒకరు వినోదం కోసం తెచ్చారు, ఒకరు దయతలచి వదిలారు. రెండూ ఇతర చేపలను తిని బ్రతికేవే. ఒకటి నూటయాభై ఏళ్ళు ముందు వచ్చి ఇంటిదైంది. రెండవది దొంగ. బాస్‌కు మాత్రం అన్ని చోట్లా ఈ గౌరవం లేదు సుమా! పడమటి తీరాన కొలంబియా నదిలో సాల్మన్ పిల్లలను తింటున్నదని, రోజుకు ఇన్నే పట్టాలన్న పరిమితిని 2010ల దశకంలో వాషింగ్టన్, ఒరెగాన్ రాష్ట్రాలు ఎత్తివేశాయి. జపాన్ 2005లో దీనిని హానికర విదేశీ జాతులలో చేర్చింది. దక్షిణాఫ్రికాలోని రొండెగాట్ అనే చిన్న నదిలో, స్థానిక మత్స్యాలను కాపాడడానికి 2012లో బాస్‌ను నిర్మూలించారు. వాడిన మందు రొటెనోనే. క్రాఫ్టన్‌లో పాముతలకు పోసినది అక్కడ బాస్‌కు పోశారు.

2024లో మేరీలాండ్ శాసనసభ పాముతలకు చెసపీక్ చన్నా అని కొత్త పేరు పెట్టింది. జనం పేరు చూసి జంకకుండా కొని తింటారని ఆశ. కొర్రమీను రుచి తెలిసినవారికి ఆ నచ్చజెప్పడం అక్కరలేదు.

ఈ మధ్యలో బాస్‌కు మరొక ఆపద వచ్చిపడింది. వసంతంలో నీరు కాస్త వెచ్చబడగానే మగ బాస్ తోకతో గులకరాళ్ళు ఊడ్చి గూడు చేస్తుంది. ఆడది గుడ్లు పెట్టి పోతుంది. గుడ్లకూ, పొదిగిన పిల్లలకూ కావలి కాసేది తండ్రే. దానిని గాలంతో లాగేస్తే ఇతర చేపలు గూడును దోచేస్తాయి. అటువంటి మగ చేపల వృషణాలలో అండకణాలు పెరుగుతున్నట్లు 2003లో పొటోమాక్ దక్షిణ శాఖలో కనుగొన్నారు. అంతకు ముందటి ఏడు అక్కడ చేపలు కుప్పలుగా చావగా, కారణం వెదకబోతే ఇది తేలింది. దేశంలోని పలు నదులను పరిశీలించి 2009లో ప్రకటించిన అధ్యయనంలో, మగ స్మాల్‌మౌత్‌లలో సుమారు మూడోవంతుకు ఈ లక్షణం ఉన్నట్లు చెప్పారు. పొలాల మందులు, పశువుల ఎరువు, ఊళ్ళ మురుగు, అందులో కలిసే మనుషుల ఔషధాలు అన్నిటి మీదా అనుమానం ఉంది. ఏ ఒక్కదాన్నీ దోషిగా నిలబెట్టలేకపోయారు.

పొరుగున ఉన్న సస్క్వెహన్నా నదిలో 2005 నుంచి బాస్ పిల్లలు పుండ్లతో చావడం మొదలైంది. 2014లో అక్కడ ఒకరు పట్టిన బాస్ మూతి మీద పెద్ద కంతి ఉంటే, అది క్యాన్సరని 2015లో పెన్సిల్వేనియా మత్స్యశాఖవారు ప్రకటించారు. అప్పటికే, 2012లో, వారు ఆ నది మధ్యభాగంలో చిక్కిన బాస్‌ను వెంటనే నీటిలోకి వదలాలని నియమం పెట్టారు. మే మొదలు జూన్ నడిమి దాకా, మగ చేప గూటి మీద ఉండే రోజులలో, దానికి గాలమే వేయరాదన్నారు.